గ్యాస్ నంబరు పక్కన

మా పై వాటాలో అద్దెకుండే అమ్మాయి ఒక మధ్యాహ్నం కరివేపాకు కోసం వచ్చింది. రెబ్బలు చేతిలో పెట్టినా కదల్లేదు.

"అక్కా, మీ ఫోన్ ఒక్కసారి ఇస్తారా? నా ఫోన్లోంచి ఎవరికి చేసినా ఆయన రాత్రికి చూస్తారు" అంది. చేతి మీద కమిలిన మచ్చ చూశాక నేనేమీ అడగలేదు.

నిజం చెప్పొద్దూ, పైనుంచి వినిపించే చప్పుళ్ళు నాకు కొత్త కాదు. 'మొగుడూపెళ్ళాల గొడవ, మనకెందుకులే' అనుకుంటూ మూడు నెలలుగా టీవీ సౌండు పెంచుకుంటున్నదాన్ని.

ఎవరో ఇచ్చిన నంబరుకి ముందు చేసింది. "మీరేమన్నారమ్మా ఆయన్ని, అంత కోపం రావడానికి?" అందట అవతలి గొంతు. ఫోన్ పెట్టేసి, ఇంక ఎవరికీ చెయ్యనంది. నేనే బతిమాలి 181కి కలిపాను. అక్కడ మొదటి ప్రశ్న, "ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా అమ్మా? భయమేం లేదు కదా?" అని. ఆ మాటకే పిల్ల భోరుమంది.

ఫోన్ త్వరగా ఎత్తితే చాలదని ఆ రోజు తెలిసింది. ముందు ఏం అడిగారు, తర్వాత ఏం జరుగుతుందో చెప్పారా, నిర్ణయం ఆమెకే వదిలారా, ఇవీ చూడాలి. ఆమె వద్దన్నా ఇంటికొచ్చి భర్తను నిలదీస్తే, ఆ రాత్రి దెబ్బలు తినేది ఆమే కదా!

వాళ్ళు సఖి కేంద్రం గురించి చెప్పారు. వైద్యం, పోలీసు సాయం, లాయరు సలహా, కౌన్సెలింగ్, కొద్దిరోజులు తలదాచుకునే చోటు, అన్నీ అక్కడే. 2005 గృహహింస చట్టం ప్రకారం ఇల్లు భర్త పేరున ఉన్నా, అద్దెదైనా, అందులో ఉండే హక్కు ఆమెకుందనీ చెప్పారు. చెయ్యి లేచిన క్షణంలో మాత్రం 112కి చెయ్యాలి, పోలీసులు వస్తారు.

ఆమె ఆ రోజే వెళ్ళలేదు. ఆధార్ కార్డు, చదువు సర్టిఫికెట్లు ఒక్కొక్కటే తెచ్చి మా బీరువాలో దాచింది. పదిహేను రోజులకి సఖి కేంద్రానికి తనే బయల్దేరింది. తోడు నేను వెళ్ళాను.

మా వంటింట్లో గ్యాస్ నంబరు పక్కన ఇప్పుడు 181, 112 కూడా రాసి ఉన్నాయి. మీరూ రాసుకోండి. మూడంకెలే కనుక ఆడపిల్లల చేత కంఠతా పట్టించండి. పక్కింటి అమ్మాయి కరివేపాకు కోసం వచ్చి కదలకుండా నిలబడితే, మీ ఫోన్ ఆమె చేతికివ్వండి.