పెద్దత్త తట్ట, నా పుస్తకాలు

మా నాన్న ఆర్యపల్లి నుంచి మల్పె వెళ్లి బోట్లలో పనిచేశాడు. అందుకే నా చదువంతా కన్నడ మీడియం. తెలుగు ఇంట్లో వచ్చింది, ఇంగ్లీషు ఉద్యోగంలో పడ్డాక వచ్చింది. నాలాగే ఊరి బడిలో చదివి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోకి వచ్చేవాళ్ల కోసం తేలిక ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశాను. సొంత డబ్బుతో 300 కాపీలు వేయించాను.

నాలుగు నెలల్లో 19 పోయాయి. అందులో సగం స్నేహితులు మొహమాటానికి కొన్నవే. రోజూ వాట్సాప్‌లో బొమ్మ పెట్టేవాణ్ణి. అభినందనలు వచ్చేవి, ఆర్డర్లు రాలేదు. మిగతా పెట్టెలు మంచం కింద. ఇంకెప్పుడూ రాయకూడదనుకున్నాను.

దసరాకి ఆర్యపల్లి వెళ్లాను. "ఏటిరా, పుస్తకాలు పోలేదంట?" అంది పెద్దత్త. ఆమె ఇంకా ఛత్రపూర్ వీధుల్లో తట్ట నెత్తిన పెట్టుకొని చేపలు అమ్ముతుంది. ఒకరోజు పొద్దున్నే ఆమె వెంట నడిచాను.

మొదటి నాలుగు ఇళ్లు పిలవకుండానే దాటేసింది. "ఆళ్లు తినరు." ఐదో ఇంటి దగ్గర ఆగి ఒడియాలో చెప్పింది: రొయ్యలు నిన్నటివి, వద్దు, కవళ్లు తీసుకో. ఇంకో ఇంట్లో కొత్త కోడలికి చేప శుభ్రం చెయ్యడం రాదు. కూర్చొని నేర్పింది. "రేపట్నుంచి ఆ పిల్ల నాకాడే కొంటాది." ఎండ ఎక్కకముందే తట్ట ఖాళీ.

నా పుస్తకం ఎవరికో నేనే అట్ట మీద చెప్పలేదు. "సంపూర్ణ" అని పేరు పెట్టి అన్ని ఇళ్ల ముందూ అరిచాను.

తిరిగొచ్చాక, ఆఫీసులో కొత్తవాళ్లు నన్ను మాటిమాటికీ అడిగేది ఏమిటో చూసుకున్నాను: డెవలపర్ వెనక్కి పంపని విధంగా బగ్ రిపోర్ట్ ఎలా రాయాలి? ఆ అధ్యాయం ఉచితంగా ఇచ్చాను. ఐదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి ఈ పుస్తకం అక్కర్లేదని ముందే రాశాను. లీన్‌పబ్‌లో కూడా పెట్టాను. అక్కడ పూర్తికాని పుస్తకమైనా అమ్మొచ్చు, కొన్నవాళ్లకి తర్వాతి మార్పులు మళ్లీ డబ్బు కట్టకుండానే అందుతాయి. పాఠకులు తప్పులు చూపిస్తుంటే దిద్దుతున్నాను. టెస్టర్‌కి అంతకన్నా ఏం కావాలి?

ఇది మన పెద్దలకి తెలియని పనేమీ కాదు. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి కూడా చందాదారులను చేర్చుకొనే తెలుగులో చరిత్ర, సైన్సు పుస్తకాలు వేసింది.

మంచం కింద ఇప్పుడు 80 కాపీలే ఉన్నాయి. పెద్దత్తకి మాత్రం మోకాళ్లు సహకరించడం లేదు, ఈ ఏడుతో మానేస్తానంటోంది. ఏ ఇంట్లో ఏం తింటారో ఆ లెక్క ఎక్కడా రాసి లేదు, ఆమె బుర్రలోనే ఉంది. ఈసారి వెళ్లినప్పుడు ముందు అది రాసుకోవాలి.