చక్రాలపై చలికాలపు కాపురం

ఇంగ్లండు వాయవ్య భాగంలో కొండలూ సరస్సులూ కలిసిన ప్రాంతం ఒకటి ఉంది. దానిని లేక్ డిస్ట్రిక్ట్ అంటారు. 1951లో జాతీయ ఉద్యానవనంగా, 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన సీమ అది. వేసవిలో యాత్రికులతో కిటకిటలాడే ఈ ప్రాంతం డిసెంబరు నాటికి పలచబడుతుంది. కెజిక్ పట్టణం పక్కన డెర్వెంట్‌వాటర్ సరస్సు, దానికి ఉత్తరాన 931 మీటర్ల ఎత్తున స్కిడా పర్వతం, వాటి మధ్య తడి గడ్డి మైదానాలు. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు ఉదయం ఎనిమిదిన్నరకు గాని కనిపించడు; సాయంత్రం నాలుగు కొట్టకముందే అస్తమిస్తాడు. పగలు సుమారు ఏడుంపావు గంటలే. జుహ్ర్ నమాజు చేసి లేచేసరికి అస్ర్ వేళ, అస్ర్ ముగించి కాసేపు కూర్చునేసరికి మగ్రిబ్ వేళ వచ్చేస్తాయి.

గత డిసెంబరులో రెండు వారాలు నేను అక్కడ గడిపాను. బస చేసింది హోటల్లో కాదు, ఇంట్లోనూ కాదు; చక్రాలపై నిలిచిన ఇంట్లో. మా చెల్లెలి కుమారునికి పెన్రిత్ పట్టణంలో కొత్త ఉద్యోగం దొరికింది. మాట్లాడుకున్న అద్దె ఇల్లు ఫిబ్రవరికి గాని ఖాళీ కాదన్నారు. రెండు నెలల కోసం మరో ఇల్లు తీసుకుంటే అడ్వాన్సుకూ అద్దెకూ కలిపి వాళ్ల పొదుపంతా కరిగిపోయేది. వాళ్లకు ఇదివరకే ఒక పాత మోటార్‌హోమ్ ఉంది. దానిలోనే భార్యతో, ఎనిమిది నెలల పాపతో, చలికాలమంతా తెరిచి ఉండే ఒక క్యాంపుసైట్‌లో కాపురం పెట్టాడు. మంచాలు, వంటగట్టు, స్నానాలగది అన్నీ ఆ బండిలోనే ఉన్నాయి. అయితే అద్దె తప్పిందనుకుంటే కరెంటు బిల్లు వచ్చి ఎదుట నిలిచింది.

బిల్లు ఎక్కడి నుండి వచ్చింది?

క్యాంపుసైట్‌లో ప్రతి బండి పక్కన ఒక స్తంభం ఉంటుంది. దాని నుండి నీలిరంగు మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా నారింజరంగు కేబుల్ బండిలోకి వస్తుంది. 230 వోల్టుల మీద 16 ఆంపియర్లు ఇచ్చే చోట ఒకేసారి సుమారు 3,680 వాట్లు వాడుకోవచ్చు. 10 ఆంపియర్లే ఇచ్చే చోట 2,300 వాట్లు మాత్రమే. మా వాళ్లున్న స్థలంలో 10 ఆంపియర్లే. హీటరూ కెటిలూ ఒకేసారి నడిపితే స్తంభంలోని బ్రేకర్ పడిపోయి బండి చీకటైపోతుంది.

ఆ స్థలంలో మీటరు చూసి యూనిట్‌కు 25 పెన్నీలు వసూలు చేస్తారు. గృహావసరాలకు విద్యుత్తును తిరిగి అమ్మేవారు తాము చెల్లించిన యూనిట్ ధరకు మించి తీసుకోరాదన్న నియమం బ్రిటన్‌లో 2003 నుండి అమలులో ఉంది. కనుక బేరానికి తావు లేదు. తగ్గించుకోగలిగింది వాడకాన్ని మాత్రమే.

నేను వెళ్లేసరికి రోజుకు 34 యూనిట్లు కాలుతున్నాయి. అంటే రోజుకు ఎనిమిదిన్నర పౌండ్లు, నెలకు 255 పౌండ్లు. మేనల్లుడు దానికి కనిపెట్టిన ఉపాయం ఒక్కటే: పగలు 2 కిలోవాట్ల ఫ్యాన్ హీటర్‌ను పూర్తి వేగంతో నడపడం, రాత్రి పడుకునేటప్పుడు దానిని పూర్తిగా ఆపేయడం.

"రాత్రంతా దుప్పట్లలోనే ఉంటాం కదా మామూ! హీటర్ తిరిగినంతసేపూ మీటరు కూడా తిరుగుతుంది" అన్నాడు.

కోడలు ఆ మాట విని, "బిల్లు ఎంతైనా కట్టుకుందాం మామూ, పాప ముక్కు చల్లగా తగిలితే నాకు నిద్ర పట్టదు" అన్నది.

ఇద్దరిదీ న్యాయమే. ఖర్చుకు భయపడే తండ్రి, చలికి భయపడే తల్లి. వారసత్వపు వాటాలు లెక్కగట్టడం పిల్లలకు నేర్పే అలవాటున్నవాణ్ణి కనుక కాగితం, కలం తీసుకొని, ఈ 34 యూనిట్లలో ఎవరి వాటా ఎంతో తేల్చుదామని కూర్చున్నాను.

లెక్క తేలింది. హీటర్ వాటా 25 యూనిట్లు. ఫ్రిజ్, వేడినీళ్లు, కెటిల్ ఒక్కొక్కటి రెండు మూడు యూనిట్లు. ఇక దీపాలు, ఫోన్ల చార్జింగ్ కలిపినా అర యూనిట్ దాటలేదు. మేనల్లుడు మాత్రం అన్నాళ్లూ దీపాలు ఆర్పమని అందరినీ హెచ్చరిస్తూ వచ్చాడు! ఎల్‌ఈడీ దీపాన్ని ఆర్పి ఆదా చేసేది చెంచాతో తోడినంత. హీటర్ దగ్గర పోయేది కడవతో పారబోసినంత.

వేడి ఎటు పోతోంది?

హీటర్ల విషయంలో ఒక అపోహ ఉంది. ఖరీదైన హీటర్ కొంటే కరెంటు తక్కువ కాలుతుందని చాలామంది అనుకుంటారు. తీగను కాల్చి వేడినిచ్చే హీటర్ ఏదైనా సరే, ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తుంది. తేడా అంతా ఆ వేడి ఎంతసేపు లోపల నిలుస్తుందన్నదే.

మోటార్‌హోమ్‌లో నివాస భాగపు కిటికీలు రెండు పొరల అక్రిలిక్‌తో ఉంటాయి. కాని డ్రైవర్ కూర్చునే భాగంలో ఉండేది ఒంటిపొర అద్దమే. రాత్రివేళ ఆ ముందు అద్దానికి చేయి ఆనిస్తే మంచు ముట్టినట్టుంటుంది. అందుకే అక్కడివారు దట్టమైన పొరలున్న తెరను అద్దాలకు బయటివైపు నుండి కప్పుతారు. లోపలివైపు వేసే తెర కూడా ఉంటుంది. అయితే అద్దం చల్లగానే ఉండిపోయి దాని వెనుక నీరు చెమర్చుతుంది. బయట కప్పితే అద్దమే చలి నుండి దూరమవుతుంది. మేము బయటి తెర తెచ్చి కట్టి, డ్రైవర్ భాగానికీ నివాస భాగానికీ మధ్య దళసరి పరదా వేలాడదీశాం. నేల మీద పాత తివాచీ పరిచాం.

రెండవ పని, ఉష్ణోగ్రతను తగ్గించడం. ఇంటి నుండి పోయే వేడి, లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. బయట 3 డిగ్రీలు, లోపల 23 ఉంటే తేడా 20. లోపల 18కి తగ్గిస్తే తేడా 15. అంటే పోయే వేడిలో నాలుగో వంతు అక్కడే ఆగిపోతుంది. చలికాలంలో ఇల్లు కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. పసిపిల్లలు నిద్రించే గదికి 16 నుండి 20 డిగ్రీలు తగినదని బ్రిటన్ ఆరోగ్య సేవల సలహా. కనుక పగలు 18, రాత్రి 16 అని నిర్ణయించుకున్నాం. కోడలు మొదట సందేహించింది. మంచం పక్కన ఒక థర్మామీటర్ పెట్టి, పాపకు తగిన నిద్రసంచి తొడిగాక ఆమె మనసు కుదుటపడింది.

ఫ్యాన్ హీటర్‌ను పక్కనపెట్టి, బండిలో అమర్చి ఉన్న హీటర్‌నే వాడటం మొదలుపెట్టాం. అది 900, 1,800 వాట్ల రెండు మెట్లలో నడుస్తుంది. కోరిన ఉష్ణోగ్రత రాగానే దానంతటదే ఆగుతుంది. 900 మెట్టులో ఉంచితే తక్కువ వాట్ల కెటిల్ పెట్టినా బ్రేకర్ పడదు.

రాత్రి హీటర్ ఆపితే ఏమవుతుంది?

రాత్రి ఆపేస్తే యూనిట్లు కొన్ని మిగులుతాయి, నిజమే. కాని మిగిలిన దానికంటే పోయేది ఎక్కువ. నేను వెళ్లడానికి వారం ముందు ఒక రాత్రి లోపలి చలి బాగా పెరిగి, నీళ్ల బాయిలర్‌కు ఉండే రక్షణ వాల్వు తెరుచుకుంది. నీరు గడ్డకట్టి బాయిలర్ పగిలిపోకుండా, ఉష్ణోగ్రత 3 డిగ్రీల దాకా దిగితే నీటిని నేలపాలు చేసేలా దానిని తయారుచేస్తారు. తెల్లవారి లేచేసరికి వేడినీళ్ల పాత్ర ఖాళీ.

అంతకంటే పెద్ద నష్టం తేమ. ముగ్గురి శ్వాస, వంట ఆవిరి, ఆరవేసిన తడి బట్టలు. ఆ ఆవిరంతా చల్లబడిన గోడలకు తగిలి నీరవుతుంది. పరుపు ఎత్తి చూస్తే అడుగున తడి, మూలల్లో బూజు మచ్చలు. ఆ గాలి పీల్చే పసిపాపకు దగ్గు పట్టుకుంటే ఆదా చేసిన పౌండ్లు ఏ మూలకు వస్తాయి? అందుచేత రాత్రి 16 డిగ్రీలకు తగ్గించడమే గాని ఆపడం మానేశాం. వంట చేసేటప్పుడు పైకప్పు గవాక్షాన్ని కొద్దిగా తెరుస్తాం. ఉదయాన్నే అద్దాల మీది నీటిని గుడ్డతో తుడిచి బయట పిండుతాం. బట్టలు క్యాంపుసైట్‌లోని లాండ్రీలో ఆరబెడతాం.

నీళ్లు, ఫ్రిజ్, వంట

పది లీటర్ల నీటిని 10 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు కాచడానికి దాదాపు 0.6 యూనిట్ పడుతుంది. రోజంతా బాయిలర్ ఆన్‌లో ఉంటే ఆ నీరు చల్లారడం, మళ్లీ కాగడం జరుగుతూనే ఉంటుంది. ఫజ్ర్‌కు ముందు ఒకసారి, రాత్రి ఒకసారి మాత్రమే కాచాం. ఎక్కువైన వేడినీళ్లు ఫ్లాస్కులో పోస్తే మధ్యాహ్నపు వుజూకు సరిపోయేవి. స్నానాలు క్యాంపుసైట్ స్నానశాలలోనే. దాని రుసుము స్థలం అద్దెలోనే కలిసి ఉంది.

తక్కువ వాట్ల కెటిల్ కొంటే ఖర్చు తగ్గుతుందన్నది మరో అపోహ. లీటరు నీరు మరగడానికి ఏ కెటిల్‌కైనా సుమారు 0.1 యూనిట్ కావలసిందే. చిన్న కెటిల్‌కు సమయం ఎక్కువ పడుతుంది, అంతే. దాని లాభం బ్రేకర్ పడకపోవడమే. కరెంటు మిగిలేది, రెండు కప్పుల టీకి రెండు కప్పుల నీళ్లే పోసినప్పుడు. అన్నం, పప్పు మన కుక్కర్‌లోనే వండింది కోడలు. ఇంత దూరం మోసుకొచ్చిన కుక్కర్ ఆ చలిలో తన విలువ చూపించింది.

చలికాలంలో ఫ్రిజ్‌ను అతి తక్కువ మెట్టుకు తగ్గించినా చాలు. మంచం వెచ్చబరచుకోవడానికి మాకు, అంటే పెద్దలకు, సుమారు 100 వాట్ల విద్యుత్ దుప్పటి పడుకునే ముందు అరగంట సరిపోయింది. పసిపిల్లల పక్కకు దానిని చేర్చరాదు.

ఇవన్నీ కలిసి రెండవ వారానికి రోజువారీ వాడకం 34 నుండి 21 యూనిట్లకు దిగింది. రోజుకు మూడుంపావు పౌండ్లు, నెలకు తొంభై ఏడున్నర పౌండ్లు, మన రూపాయల్లో పదివేలకు పైగానే మిగిలినట్టు.

గ్యాస్ చవకా?

బండి హీటర్ గ్యాస్‌తోనూ నడుస్తుంది. పూర్తిగా గ్యాస్‌కు మారితే ఎలా ఉంటుందని మేనల్లుడు అడిగాడు. ఒక కిలో ప్రొపేన్‌లో సుమారు 13 యూనిట్ల వేడి ఉంటుంది. సిలిండర్ ధరను అందులోని కిలోలతోనూ, ఆపైన 13తోనూ భాగిస్తే యూనిట్ ధర తెలుస్తుంది. ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకునే చిన్న సిలిండర్‌కు ఈ లెక్క వేస్తే, కరెంటుకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బంకులో నింపుకునే స్థిరమైన ట్యాంకు ఉన్నవారికి లెక్క వేరుగా ఉండవచ్చు. బ్యూటేన్ సిలిండర్ మాత్రం చలికాలానికి పనికిరాదు. అది సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది; ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వరకు ఆవిరవుతుంది.

ఇక్కడ ఒక్క విషయంలో రాజీ లేదు. వెచ్చదనం కోసం వంట పొయ్యిని వెలిగించి ఉంచకూడదు. బొగ్గుల పొయ్యిని లోపలికి తేకూడదు. గాలి కోసం ఉంచిన నేలరంధ్రాలను, చలి వస్తోందని గుడ్డలతో మూయకూడదు. మూసిన గదిలో నిప్పు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారిని నిద్రలోనే తీసుకుపోతుంది. ఆ వాయువును కనిపెట్టి మోగే అలారం ప్రతి మోటార్‌హోమ్‌లో తప్పనిసరిగా ఉండాలి. మన దేశంలోనూ చలి రాత్రుల్లో గది తలుపులు బిగించి కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లవారేసరికి విగతజీవులైన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. అరకులోనైనా, ఆదిలాబాద్‌లోనైనా, ఇంగ్లండులోనైనా ఆ వాయువు గుణం ఒక్కటే.

మితం అంటే

పొదుపు అంటే అన్నింటినీ ఆపేయడం కాదు. దుబారా ఒక అంచు, లోభం మరో అంచు. పగలు కిటికీలు చెమటపట్టేలా హీటర్ నడపడం మొదటిది. పసిబిడ్డను చలిలో పడుకోబెట్టి మీటరు చూసి సంతోషించడం రెండవది. ఏది అవసరమో, ఏది పారబోతో లెక్కతో తెలుసుకొని నడుచుకోవడమే మితం. మన ఇళ్లలోనూ ఇది వర్తిస్తుంది. 25 లీటర్ల గీజర్ 20 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు కాచడానికి యూనిట్‌కు పైగానే తీసుకుంటుంది. స్నానాలు అయిపోయాక కూడా దాని స్విచ్ వేసే ఉంచి, పక్కగదిలో దీపం వెలుగుతోందని పిల్లలను కసురుకునే పెద్దలు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. కుటుంబంలో ఖర్చు గురించి మాట వచ్చినప్పుడు, గొంతు పెంచడానికి ముందు మీటరు దగ్గరకు వెళ్లి ఏది ఎంత తింటున్నదో చూడండి. చాలా వివాదాలు అక్కడే తీరిపోతాయి.