గడప కొండాపూర్‌లో, తాళంచెవి డల్లాస్‌లో

సైబరాబాద్ ఐటీ ప్రాంతంలో కొన్నాళ్ళు కొలువు చేసి, తల్లిదండ్రులను మాదాపూర్, కొండాపూర్ ఫ్లాట్లలో ఉంచి అమెరికాకు తరలిన ప్రవాసులకు, సెలవుల్లో పెళ్ళిభోజనాలకూ బ్యాంకు కేవైసీకీ మధ్య తప్పనిసరిగా మీద పడే పని ఇంటి గేట్‌వేను సరిచేయడం. గేట్‌వే అంటే ఇంట్లోని ఫోన్లు, టీవీ, కెమెరాలు కలిసిన చిన్న నెట్‌వర్కుకూ బయటి ఇంటర్నెట్‌కూ మధ్య గడపలాంటి పెట్టె. ఫైబర్‌లో వచ్చే కాంతి సంకేతాలను విద్యుత్ సంకేతాలుగా మార్చే ఓఎన్‌టీ, వాటిని పరికరాలకు పంచే రూటర్, అనుమతి లేని రాకపోకలను ఆపే ఫైర్‌వాల్ ఇప్పుడు తరచుగా ఒకే డబ్బాలో ఇమిడి వస్తున్నాయి.

డబ్బాను బిగించేదీ పాస్‌వర్డ్ పెట్టేదీ కంపెనీ కుర్రవాడే. అది ఇంటివారి ఫోన్ నంబరే కావడం, పై అంతస్తు పిల్లలకూ తెలిసి ఉండడం మామూలే. వైఫై పాస్‌వర్డ్ వేరనీ, అమరికలను మార్చడానికి కావలసిన అడ్మిన్ పాస్‌వర్డ్ వేరనీ చెప్పేవారు అరుదు కనుక, బ్రౌజర్‌లో 192.168.1.1 వంటి చిరునామాతో లోపలికి వెళ్ళి ఈ రెండోదాన్ని మార్చడం మొదటి పని.

ఇక వేగం విషయంలో చాలా ఇళ్ళకు ప్యాకేజీ కంటే పెట్టె ఉన్న చోటే ముఖ్యం. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటి దూరం పోతాయి గాని, ఒకదానిపై ఒకటి పడని ఛానళ్ళు అందులో మూడే కనుక పక్క ఫ్లాట్ల వైఫైలన్నీ అక్కడే తోసుకుంటాయి; కేంద్రం 2018లో లైసెన్సు అక్కరలేకుండా మరింత విస్తృతంగా తెరిచిన 5 గిగాహెర్ట్జ్ వేగవంతమైనదే అయినా, ఇటుకకు బదులు కాంక్రీటు గోడలు పోసిన కొత్త టవర్లలో రెండు గదులు దాటేసరికి నీరసిస్తుంది. 1 గిగాబిట్ కనెక్షన్ 2017లోనే వచ్చిన నగరంలో పూజగది నుంచి చేసిన వీడియో కాల్ తెగడంలో వింత లేదు. పెట్టె టీవీ అల్మరాలో ఉంది.

ప్రవాసులకు అసలు చిక్కు మరొకటి. ఇంటి కెమెరాను డల్లాస్ నుంచి చూడాలని పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి పిలుపును ఫలానా పరికరానికి అందించే ఏర్పాటు, ఎంత శ్రద్ధగా చేసినా ఫలించకపోతే, ఐపీవీ4 చిరునామాల కొరత వల్ల అనేక ఇళ్ళకు ఒకే బహిరంగ చిరునామాను పంచే సీజీనాట్ పద్ధతిని అనుమానించాలి. గేట్‌వే బయటివైపు చిరునామా 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే అనుమానం నిజమే. 2012లో ఆ శ్రేణిని ఇందుకోసమే కేటాయించారు. అప్పుడు స్టాటిక్ ఐపీ కొనవచ్చు, కాని ఇంటి నుంచే బయటికి సొరంగం వేసే వీపీఎన్ మేలు. తెరిచి ఉంచిన కెమెరా పోర్టు దొంగకూ తెరిచే ఉంటుంది.

ఎల్ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్ర దీపం వెలిగితే కాంతి అందడం లేదని, సాధారణంగా తీగ తెగిందనో ఊడిందనో అర్థం. 2025 ఆగస్టులో విద్యుత్ స్తంభాలపై కేబుళ్ళను తొలగించినప్పుడు నగరంలో చాలాచోట్ల నెట్ ఆగింది, రీస్టార్ట్‌తో తీరే జబ్బు కాదది. ఆ దీపాన్ని పెద్దవారికి చూపించి, అడ్మిన్ పాస్‌వర్డ్‌ను కాగితంపై రాసి బీరువాలో పెట్టాకే విమానం ఎక్కండి.