దోర్నాల గేటు దాటితే... నల్లమల!

కొండలు, లోయలు చూడాలంటే అరకే పోనక్కర్లేదు. గుంటూరులో కారెక్కితే నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం మీదుగా దోర్నాల. అక్కడి నుంచి శ్రీశైలం దాకా అడవే!

ఫిబ్రవరిలో ఓ శనివారం మూడింటికి నలుగురం బయల్దేరాం. దారంతా చివరి తీతల పత్తి చేలు, ఎర్రగా పరిచిన మిర్చి కళ్లాలు. వినుకొండ దాటాక మబ్బు పట్టింది. ఓ కళ్లంలో భార్యాభర్తలిద్దరే హడావుడిగా కాయలు పోగేస్తున్నారు. తడిస్తే తాలైపోతాయి, రేటు రాదు. ఏడాది కష్టం కదా! కారాపి మేమూ దిగాం. కుప్పలు చేసి పట్టాలు కప్పేసరికి చీకటి పడింది. చేతులు ఒకటే మంట!

దోర్నాలలో గేటు మూసేశారు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ దారిలో బండ్లు తిరగకూడదు. ఇది మన దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం మరి. ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం.

తెల్లారి గేటు తీశాక దాదాపు 50 కిలోమీటర్ల ఘాట్. మంచు, మలుపులు, కోతులు. చివర్లో, ఎక్కడో లోతున కృష్ణమ్మ! నార్వే లోయల్ని మంచు చెక్కితే, ఈ లోయని నది కోసింది. ఇక్కడి నీళ్లే సాగర్ చేరి, కుడి కాలువలో గుంటూరు, ప్రకాశం మిర్చి చేలకు పారతాయి.

మీరెళ్తే తొమ్మిదిలోపే గేటు దాటేలా చూసుకోండి. దారిలో మబ్బు పడితే మాత్రం, కళ్లం దగ్గర ఓసారి ఆగండి.