ఎలుగుల సీమలో రెండు రాత్రులు

మేము నలుగురం అన్నదమ్ముల బిడ్డలం. ఇద్దరం బెంగళూరులో, ఇద్దరు అమెరికాలో. కిందటేడు ఆగస్టులో సాల్ట్ లేక్ సిటీ నుంచి కారులో యెల్లోస్టోన్‌కు పోయి, అడవి లోపల హార్ట్ లేక్ ఒడ్డున రెండు రాత్రులు గుడారం వేసుకొని వచ్చినాము. "ఎలుగులుండే చోట పడుకోవాల్నా?" అని బళ్ళారి నుంచి అడిగిన పెద్దలకూ, రేపు పోవాలనుకునే పిల్లలకూ కలిపి ఇది రాస్తున్నాము. మాది కన్నడ బడి చదువు, తెలుగు అక్షరాలు ఇంట్లో అవ్వ దిద్దించినవి. మధ్యలో కన్నడం దొర్లితే సర్దుకోండి.

యెల్లోస్టోన్ 1872లో ఏర్పడిన పార్కు. సుమారు 9,000 చదరపు కిలోమీటర్లు. అక్కడ నల్ల ఎలుగులూ ఉన్నాయి, వాటికంటే పెద్దవైన గ్రిజ్లీలూ ఉన్నాయి. అడవి లోపల పడుకోవాలంటే పర్మిట్ తీసుకోవాల. ఏ రాత్రి ఏ చోటో అందులోనే రాసి ఇస్తారు. హార్ట్ లేక్ వైపు ఎలుగులు ఎక్కువ తిరుగుతాయని ఏప్రిల్ నుంచి జూన్ దాకా మనుషుల్ని పోనీయరు. రోడ్డు నుంచి చెరువుకు 12 కిలోమీటర్ల పైన నడక. సగం దూరం పైన్ చెట్లు, తర్వాత దిగుడు, పక్కన పొగలు కక్కే వేడినీటి ఊటలు.

మాలో ఒకరి ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంతా సరిగ్గా ఉన్నప్పుడు కాదు, చెడినప్పుడు ఏమవుతుందో చూడడం ఆ పని. అందుకే బేర్ స్ప్రే బాధ్యత ఆ మనిషిదే. దాన్ని విమానంలో తీసుకుపోనీయరు, అక్కడే కొనాల. డబ్బా మీద తేదీ చూసినాము. సంచిలో కాదు, నడుముకు కట్టుకున్నాము. పైనుండే క్లిప్పు కళ్ళు మూసుకొని తీయడం వచ్చేదాకా ఒక్కొక్కరితో చేయించినాము.

అన్నిటికంటే కష్టం తిండి వాసన. మా సంచుల్లో కడక్ జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, ఊరగాయ. వంట, భోజనం గుడారానికి 90 మీటర్ల దూరంలో. తర్వాత తిండి, గిన్నెలు, టూత్‌పేస్టు, కడకు తలకు రాసుకునే కొబ్బరినూనె కూడా ఒకే సంచిలో కట్టి, అక్కడుండే అడ్డకొయ్యకు తాడుతో 3 మీటర్ల పైకి లాగినాము.

ఇది మన ప్రాణం కోసమే అనుకోవద్దండి. ఒకప్పుడు ఆ పార్కులోనే చెత్తకుప్పల దగ్గర ఎలుగులు తింటుంటే జనం చూసి సంతోషపడేవాళ్ళు. 1970 ప్రాంతంలో ఆ కుప్పలు మూసేసినారు. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్ళీ మళ్ళీ మనుషుల దగ్గరికే వస్తుంది. అట్లాంటిదాన్ని కడకు అధికారులే చంపాల్సి వస్తుంది. మన ఊరగాయ డబ్బా ఒకటి చాలు దాని ప్రాణం తీయడానికి.

మా చిన్నతాత ఎడమ కంటి కింద ఎలుగు గోళ్ళ గుర్తు ఉండేది. తెల్లారకముందు శెనక్కాయ చేనికి పోయినప్పుడు తగిలిన దెబ్బ. ఆయన ఏనాడూ ఎలుగును తిట్టలేదు. "నేను సద్దు చేయకుండా పోతి, అది బెదిరె" అనేవాడు. ఆ తర్వాత కట్టెతో రాళ్ళ మీద తట్టుకుంటూ, తనలో తానే గట్టిగా మాట్లాడుకుంటూ పోయేవాడు. పార్కువాళ్ళు చెప్పిందీ అదే: గుంపుగా పోండి, సద్దు చేయండి, ఎదురుపడితే పరుగెత్తొద్దండి. మేము చప్పట్లు కొట్టుకుంటూ "వస్తున్నాము ఎలుగప్పా!" అని కేకలేస్తూ నడిచినాము. అమెరికాలో అంత గట్టిగా తెలుగు మాట్లాడింది ఆ రెండురోజులే.

రెండోరోజు షెరిడన్ కొండ ఎక్కాలని బయలుదేరినాము. వాగు పక్కన, గుబురు పొదల దగ్గర, బురదలో అడుగులు. వేళ్ళ ముందు పొడుగ్గా గోళ్ళ గీతలు, ఇంకా తడారలేదు. వాగు హోరులో మా కేకలు మాకే వినబడలేదు, గాలి ఎదురు. ఈ ప్రయాణానికి అందరికంటే ముందు పట్టుబట్టింది మా తమ్ముడు, చిన్నతాత మనవడు. వాడే నిలబడి, "మనం వచ్చేది దానికి తెలీదు, వెనక్కి పోదాం" అన్నాడు. ఎవరమూ మారు మాట్లాడలేదు. కొండ ఎక్కకుండానే తిరిగొచ్చినాము.

ఎలుగు కనబడిందా అని అందరూ అడుగుతారు. కనబడలేదు. మేము వచ్చినట్టు దానికి తెలిసుంటే అదే చాలు. ఇది అమెరికా అడవికే కాదు. మన దరోజీ పక్కన చేలకు చీకటితో పోయేవాళ్ళు కూడా చేతిలో కట్టె పెట్టుకోండి, తట్టుకుంటూ పోండి.