గాలి అదే, బండి వేరు

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, లారమీ పట్టణం దాటాక ఎల్క్ పర్వతం చెంత 80వ నంబరు రహదారిపై గాలికి అడ్డు లేదు. మూడేళ్ల క్రితం అక్కడే, మా పికప్ ట్రక్కు వెనుక తగిలించిన ట్రావెల్ ట్రైలర్, ఆ చక్రాల ఇల్లు, పాము తోకలా ఊగిపోయింది. మా శ్రీమతి కళ్లు గట్టిగా మూసుకున్నది. బండి మార్చాలని ఆ రాత్రే నిశ్చయించుకున్నాము.

ఈ వేసవిలో అదే దారిన ‘ఫిఫ్త్ వీల్’ ట్రైలర్‌తో వెళ్లాము. దీని మెడ ట్రక్కు తొట్టిలోకి సాగి, వెనుక ఇరుసుపై ఆనుతుంది. బరువులో సుమారు ఐదో వంతు అక్కడే మోపుతుంది. అందుకే ఊగిసలాట తక్కువ. అయితే మలుపులలో వెనుక చక్రాలు లోపలికి ఒరుసుకుపోతాయి. ఎత్తు సుమారు 13 అడుగులు. తక్కువ ఎత్తు వంతెన కనబడితే గుండె దడదడలాడుతుంది.

గాలి ఆనాటిలాగే వీచింది. మా శ్రీమతి మాత్రం కిటికీలోనుంచి జింకలను లెక్కపెడుతూ కూర్చున్నది.