నల్లా నీళ్లూ చేప మొప్పలూ

హిమాయత్‌నగర్ అపార్ట్‌మెంట్లలో అక్వేరియం చేప చచ్చిపోతే మురికిని తిట్టడం అలవాటు. నన్నడిగితే అసలు దోషి చాలాసార్లు శుభ్రమే. ఆదివారం పొద్దున చేపల్ని మగ్గులోకి తీస్తారు. తొట్టిని బాత్‌రూమ్‌లో ఖాళీ చేస్తారు. గులకరాళ్లనూ ఫిల్టర్ స్పాంజినీ నల్లా ధార కింద పెట్టి, తేట నీళ్లు దిగేదాకా పిండుతారు. మళ్లీ నిండా నల్లా నీళ్లు పట్టి చేపల్ని వదులుతారు. అద్దాలు తళతళలాడుతుంటాయి. సాయంత్రానికి గోల్డ్‌ఫిష్ పైకొచ్చి నోరు తెరుస్తుంటుంది, మొప్పలు గబగబా కొట్టుకుంటుంటాయి, వారం తిరక్కుండా ఒకటి తేలుతుంది. వాస్తు కోసం పెట్టిన తొట్టి అయితే ఇంటి కీడంతా చేప మోసుకుపోయిందని సర్దిచెప్పుకుంటారు. కీడు ఇంటిది కాదు, నల్లాది. చేపకు కావలసింది మనం మెచ్చే శుభ్రం కాదు. క్లోరిన్ విరిగిన నీళ్లు కావాలి, అవి నిన్నటిదాకా అది ఈదిన నీళ్లకు దగ్గరగా ఉండాలి.

నల్లా నీళ్లు చెడ్డవని దీని అర్థం కాదు. 2009 మేలో మన చిక్కడపల్లి పక్కనే ఉన్న భోలక్‌పూర్‌లో కలుషితమైన నీళ్లు తాగి మనుషులు చచ్చిపోయారు. అది గుర్తున్నవాళ్లెవరూ క్లోరిన్ వద్దనరు. అమెరికాలో ఒక ఊరి తాగునీటికి నిత్యం క్లోరిన్ కలపడం మొదలైంది 1908 సెప్టెంబరు 26న, జెర్సీ సిటీకి నీళ్లిచ్చే బూన్‌టన్ జలాశయం దగ్గర. సరిగ్గా రెండు రోజులకు, 28న, మూసీ హైదరాబాదును ముంచేసింది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఇప్పుడు మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్ల దూరం నుంచి కూడా గొట్టాల్లో వస్తున్నాయి. దారిలో ఎక్కడ లీకై ఏ మురుగు కలిసినా సూక్ష్మక్రిమి బతక్కూడదు కాబట్టి, ఇంటి నల్లా దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ 1984లో మంచినీటి జీవుల కోసం గీసిన హద్దు లీటరుకు 0.019 మిల్లీగ్రాములు, అదీ ఒక్క గంట సగటుకి. అంటే మనకు కనీసం ఉండాల్సినది చేపకు గరిష్ఠ హద్దుకన్నా పదింతలు. మనం తాగిన క్లోరిన్ నోట్లో, కడుపులో ఉన్న పదార్థాలతో కలిసి అక్కడే ఖర్చయిపోతుంది. చేప నీళ్లను మొప్పల గుండా పంపుతుంది. అక్కడ రక్తానికీ నీటికీ మధ్య పలచటి పొర ఒక్కటే అడ్డు, క్లోరిన్ నేరుగా దాన్ని కాలుస్తుంది. అశోక్‌నగర్ కోచింగ్ హాస్టల్ గదిలో గాజు జాడీలో ఉండే ఫైటర్ చేప పైకొచ్చి గాలి కూడా పీల్చగలదు కాబట్టి దానికేం కాదంటారు. గాలి పీల్చినంత మాత్రాన మొప్పలు కాలకుండా పోవు. పైగా జాడీలో నీళ్లే తక్కువ, కాబట్టి చిన్న పొరపాటు కూడా పెద్దదవుతుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటుంది. మా ఇంట్లో నీళ్లు నేరుగా నల్లా నుంచి రావు, సంప్‌లో పడి, మోటారుతో పైట్యాంకుకెక్కి, అక్కణ్నుంచి దిగుతాయి, ఈలోపు క్లోరిన్ ఎగిరిపోతుంది, ఇన్నేళ్లుగా మా చేపలకేమీ కాలేదు అంటారు. చాలా రోజులు అది నిజమే. కాని అది ఏ రోజు నిజం కాదో మనకు ముందు తెలియదు. నీళ్లు వదిలిన రోజున పట్టిన బకెట్ వేరు, రెండో రోజు బకెట్ వేరు. వానాకాలంలో మోతాదు పెంచితే లెక్క మారుతుంది. బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో కలిస్తే మళ్లీ మారుతుంది. జలమండలి లైన్‌మన్లు క్లోరిన్ చూసేటప్పుడు వాడేలాంటి పరీక్ష చుక్కలు అక్వేరియం కిట్లలోనూ దొరుకుతాయి. గొట్టంలో కాసిని నీళ్లు పట్టి చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు తేలుతుంది. (ఆ పసుపు నీళ్లు తొట్టిలో పారబోయకండి, ఆ రసాయనం కూడా విషమే.) నీళ్లు బకెట్‌లో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచితే, గాలి రాయి కూడా వేస్తే, క్లోరిన్ చాలావరకు పోతుంది. మూత పెట్టిన డ్రమ్ములో నమ్మకం లేదు. తొందరుంటే హైపో ఉంది, పాత ఫోటో స్టూడియోలు ఫిల్ముకు వాడిన సోడియం థయోసల్ఫేటే. ఒక పాలు క్లోరిన్‌కి సుమారు ఏడు పాళ్ల హైపో పడుతుంది. పది గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి పెట్టుకుని, 20 లీటర్ల బకెట్‌కు 15 మిల్లీలీటర్లు పోస్తే లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్నా విరిగిపోతుంది. కాస్త ఎక్కువైతే నష్టం లేదు. అయితే ఈ లెక్కను శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరుండే బంధువులకు చెప్పకండి. అక్కడ 2004 నుంచి నల్లాల్లో వచ్చేది క్లోరమైన్. అది నిలవబెట్టినా తొందరగా పోదు, ఒట్టి హైపో వేస్తే విరుగుతుంది గాని వెనక అమ్మోనియా మిగులుతుంది.

ఇంతవరకూ చెప్పింది క్లోరిన్ చేపను కాల్చడం గురించి. అసలు నష్టం కంటికి కనబడని చోట జరుగుతుంది. చేప వదిలే అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ల మీద కాపురం ఉంటుంది. కొత్త తొట్టిలో అది స్థిరపడేందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సూక్ష్మజీవుల్ని చంపడానికని కలిపిన క్లోరిన్, ఆ స్పాంజి దగ్గరికొచ్చి ఇవి మంచివి అని వదిలేయదు. అన్నీ ఒక్కసారే చావకపోవచ్చు. కాని నీళ్లన్నీ మార్చి, రాళ్లు కడిగి, స్పాంజి పిండి, మూడూ ఒకే పూట చేస్తే తొట్టి మళ్లీ కొత్తదవుతుంది. నాలుగో రోజు చేపను చంపేది ఆ పేరుకున్న అమ్మోనియా. అందుకే ఒకసారికి పావు వంతుకు మించి నీళ్లు మార్చకూడదు, స్పాంజిని అదే తొట్టి నుంచి తీసిన పాత నీళ్లలో నలపాలి. మురుగు నీళ్లలో మురికి స్పాంజి కడగడమేమిటని ఇంట్లో ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

మరి తాగడానికి వాడే ఆర్‌వో నీళ్లే పోస్తే? ప్యూరిఫయర్‌లోని బొగ్గు ఫిల్టర్ క్లోరిన్‌ని పట్టేస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కాని వెనకున్న పొర లవణాల్ని కూడా తోడేస్తుంది. లవణాలు లేని నీళ్లకు ఆమ్లాన్ని తట్టుకునే బలం ఉండదు, పీహెచ్ నిలకడ తప్పుతుంది. ఏళ్లుగా గట్టి బోరు నీళ్లు కలిసిన తొట్టిలో పెరిగిన గోల్డ్‌ఫిష్‌కి అది ఉన్నట్టుండి వేరే దేశం. మేలో ఇంకో చిక్కుంది. మిట్టమధ్యాహ్నం పైట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత కాగుతాయి, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది. నీళ్లు తెల్లవారుజామున పట్టి, వేడి తొట్టితో సమానమైందాకా ఆగి, నెమ్మదిగా పోయడం మేలు.

అపార్ట్‌మెంట్ సంఘాలకు ఒక విన్నపం. సంప్‌నో పైట్యాంకునో బ్లీచింగ్ పౌడర్ వేసి కడిగించే రోజున నల్లాలో వచ్చే క్లోరిన్‌కు ఏ లెక్కా ఉండదు. కడిగించే ముందురోజే వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క పెట్టండి: ఈ రెండు రోజులు ఎవరూ అక్వేరియం నీళ్లు మార్చవద్దు.